బ్లాస్టింగ్ అయ్యాకే లోడింగ్

ఆసియా ఖండంలో మా సంఘం లాంటిది మరొకటి లేదు. గోదావరిఖని చౌరస్తాలో చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని ఈ మాట నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఖండమంతా తిరిగి చూసి చెప్పిన మాట కాదు. ఇటు మంచిర్యాల, అటు కరీంనగర్ దాటి నేను వెళ్లిందే తక్కువ. అయినా ఇంతవరకు ఎవరూ కాదనలేదు. కాదనేవాళ్లు వచ్చేదాకా అది నిజమే.

సభ్యులు వందల్లో ఉన్నారని కూడా చెప్పేవాణ్ని. అది మాత్రం ఇక్కడ ఒప్పుకుంటాను. ముగ్గురం. ఒకప్పుడు ఇంకొందరు ఉండేవాళ్లు. కొందరు బదిలీ అయి వెళ్లిపోయారు, కొందరు మనవల్ని బడికి దింపే డ్యూటీలో పడ్డారు, ఒకాయన మాల వేసుకున్నాడు, తీశాక కూడా మా వైపు రాలేదు.

ముగ్గురిలో ఒకాయన భాయ్. మార్కెట్ సందులో టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం ఆయనది. రెండో ఆయన బావ. మా మధ్య చుట్టరికమేమీ లేదు. ఒకే బొగ్గుబాయిలో చేరిన కొత్తలో ఆయన నన్ను బావా అన్నాడు, నేనూ బావా అన్నాను, అది అలాగే నిలిచిపోయింది. బావ ఎలక్ట్రీషియన్. అండర్‌గ్రౌండులో చాలా ఏళ్లు చేసి, చివర్లో, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వర్క్‌షాపుకు మారాడు. మూడోవాణ్ని నేను. బాయిలో కంప్యూటర్ ఇంజనీరుగా రిటైరయ్యాను.

ఇది కూడా సరిచేయాలి. ల్యాంప్ రూములో పనిచేశాను. కిందికి దిగేవాళ్లకు టోపీ లైట్లు ఇవ్వడం, పైకొచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఛార్జింగుకు పెట్టడం. అదీ కరెంటు పనే, కంప్యూటరూ కరెంటుతోనే నడుస్తుంది కదా అని కొద్దిగా అటు జరిపాను.

మేము బతికించుకుంటున్నది ఒక పాత కంప్యూటర్ని. మేము దాన్ని పెట్టె అంటాం. చూడడానికి టైపు మిషన్ను ఎవరో తొక్కి చదును చేసినట్టుంటుంది. మీటల కిందే మొత్తం యంత్రం. తెర దానికి లేదు, డబ్బా టీవీకి తగిలించుకోవాలి. దేన్నీ దాచుకునే చోటు కూడా లేదు. కరెంటు తీస్తే అప్పటిదాకా నేర్పిందంతా మరిచిపోతుంది. ఏ ఆట ఆడాలన్నా పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్‌ను టేపు రికార్డర్లో పెట్టి, ఆ చప్పుడును దానికి వైరు గుండా వినిపించాలి. కాగే నూనెలో తడి మిరపకాయలు పడ్డట్టు చాలాసేపు చిటపటలాడుతుంది, కీచుమంటుంది. మధ్యలో ఒక్క ముక్క తేడా వచ్చినా తెర మీద ఇంగ్లీషులో తప్పని రాసి నోరు మూసుకుంటుంది. మళ్లీ మొదటి నుంచి.

చాలా కాలం కింద ఒక బడికి ఇలాంటివి వచ్చాయట. కొత్త రకం రాగానే ఇవి స్టోరు గదిలోకి, ఆ గది నిండగానే పాత ఇనుము బండిలోకి పోయాయి. ఆ బండికి అడ్డం పడి వాటిని దింపించింది భాయ్. లారీ నిండా తెచ్చామని నేను చెప్తుంటాను. మూడు. అందులో రెంటిని కోసుకుని ఒకదాన్ని నడుపుతున్నాం.

సంఘం ఆఫీసు కాలనీలో బావ క్వార్టరు. ముందుగదిలో టీవీ, దాని ముందు పెట్టె. బావ క్వార్టరే ఎందుకంటే, కరెంటు. కాలనీకి వచ్చేది బాయి లైను. బాయిలో పంపులు, ఫ్యాన్లు ఆగకూడదు కనుక ఆ లైను మీద కరెంటు ఊరికే ఊగదు. మా ఇంట్లో ఒకసారి పెట్టి చూశాం. పక్కింటావిడ గ్రైండరు వేసింది, పెట్టె అన్నీ మరిచిపోయింది. ఆమె పప్పు రుబ్బుకోవడం అయ్యాక మళ్లీ లోడు చేశాం, ఎదురింటాయన నీళ్ల మోటరు వేశాడు. ఇన్వర్టరు మీద పెడితే దాని గుర్రు వైరులోకి దిగింది. భాయ్ దుకాణంలో అయితే వోల్టేజి ఎగదన్ని ట్రాన్స్‌ఫార్మరే కాలింది. కాబట్టి కాలనీ కరెంటే దానికి అన్నం.

కానీ కాలనీలో ఇంకో బాధ ఉంది. పక్కనే ఓపెన్‌కాస్టు. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు సైరను మోగుతుంది, తర్వాత బ్లాస్టింగు. కిటికీలు గల్లుమంటాయి, వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. టేపు నడిచేటప్పుడు ఆ అదురు తగిలితే అంతే. బావ డ్యూటీ దిగి వచ్చేదీ, భాయ్‌కి తీరిక దొరికేదీ ఆ వేళకే. అందుకని మా సంఘానికి చట్టం ఒక్కటే: బ్లాస్టింగ్ అయ్యాకే లోడింగ్. ముగ్గురం చేరి, చాయ్ తాగి, బ్లాస్టింగ్ కోసం కూర్చుంటాం. అది అయిపోయి, దుమ్ము కూడా సర్దుకున్నాక భాయ్ బటన్ నొక్కుతాడు.

ఒకరోజు మొదటి బ్లాస్టింగ్ అయ్యాక, ఎన్నడూ లేనిది, రెండోది వచ్చింది. అప్పటినుంచి టేపు రికార్డరును ఉయ్యాలలో పడుకోబెడుతున్నాం. పైకప్పు కొక్కేనికి పాత చీర కట్టి, అందులో దిండు, దిండు మీద రికార్డరు, దాంట్లోంచి వైరు పెట్టెలోకి. కొత్తగా చూసినవాళ్లు పసిపిల్లకు సెలైన్ పెట్టారనుకుంటారు. ఈ ఉపాయం నాదేనని చెప్పుకుంటాను. బావ భార్యది. “అదిరేది నేలైతే మీరు నేల మీద్నే ఎందుకు పెడ్తున్నరు?” అని ఒక్క మాట అని వంటింట్లోకి పోయింది. మేము అంతవరకు రికార్డరు కింద చెప్పులు పెట్టి చూస్తున్నాం.

మేము ఆడే ఆట కూడా చెప్పాలి. తెర మీద ఒక బుడ్డోడు మట్టి తవ్వుకుంటూ పోయి రత్నాలు ఏరుకోవాలి. పైనుంచి రాళ్లు పడతాయి. ఇందులో బావకు రత్నాలు దొరికిన రోజు లేదు. “సపోర్టు లేని రూఫ్ కిందికి నేను పోను” అంటాడు. “బావా, అది ఆట!” అంటే, “ఆటైతే ఏంది, రాయి రాయే” అంటాడు. బుడ్డోణ్ని మొదట్లోనే నిలబెట్టి, పైకప్పు వంక చూసి, తృప్తిగా లేచి వస్తాడు. నా రికార్డు మాత్రం లక్షల్లో ఉంది. కరెంటు తీస్తే అంకెలు పోతాయి కాబట్టి ఎంత చెప్పినా కాదనడానికి ఆధారం ఉండదు. లక్ష కాదు, అందులో సగమూ కాదు.

నాకు ఇది కాలక్షేపం, బావకు అలవాటు. భాయ్ సంగతి వేరు. గోడకు అతికించే పలుచటి టీవీలు వచ్చాక ఆయన దగ్గరికి రిపేరు రావడమే మానేసింది. పాడైతే లోపల బోర్డు మార్చాలి, లేదా టీవీనే మార్చాలి. దుకాణంలో ఇప్పుడు రిమోట్లు, ఛార్జర్లు, ఫోన్ కవర్లు వేలాడుతుంటాయి. కొడుకు కవర్లు అమ్ముతుంటే ఆయన వెనక స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తుంటాడు. ఆయన విప్పి, వెతికి, సోల్డరింగ్ చేసి, మళ్లీ మూసే వస్తువు ఊళ్లో ఈ పెట్టె ఒక్కటే మిగిలింది. పెట్టె మొరాయించిన వారం ఆ మనిషి నడకే వేరుగా ఉంటుంది.

అలాంటిది బావకు రిటైర్మెంటు వచ్చిపడింది. రిటైరైనవాడు క్వార్టరు అప్పజెప్పాలి. అప్పజెప్పనిదే రావలసిన డబ్బులు రావు. బావ కాసిపేట వైపు సొంత ఊళ్లో ఇల్లు కట్టుకున్నాడు, అక్కడికి పోతాడు. పోతే పెట్టె సంగతేమిటి? ఆ మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయినా ఎవరూ బటన్ నొక్కలేదు.

“గోనెసంచిల కట్టి అటుక మీద పెడ్తె?” అన్నాను.

“అటుక మీద పెట్టినది మళ్ల కిందికి దిగినట్టు చూసినవా అన్నా?” అన్నాడు భాయ్. ఆయన పెట్టె వంక చూడకుండా సోల్డరింగ్ తీగను వేలికి చుట్టుకుంటున్నాడు. “నక్కో, అట్ల వద్దు. సంబంధం చూడాలె దీనికి. సర్వీసుల ఉన్నోళ్లు కావాలె, కాలనీల క్వార్టర్ ఉండాలె.”

“ముందుగదిల కొక్కెం ఉండాలె” అన్నాడు బావ.

“కొద్దిగ మతి సడలి ఉండాలె” అన్నాను నేను.

మొదటి సంబంధం కాలనీలోనే ఒక ఫిట్టర్ కుర్రాడు. ముగ్గురం ఉతికిన చొక్కాలు వేసుకుని వెళ్లాం. పెట్టె గుణగణాలు నేను అరగంట వర్ణించాను. అతను మర్యాదగా విని, ఫోన్ తీసి, రెండుసార్లు వేలితో రాసి, మా ఆటనే తెర మీద ఆడించి చూపించాడు. అదే బుడ్డోడు, అవే రాళ్లు.

“గిదే కదా కాకా? ఫ్రీ. లోడింగ్ గీడింగ్ ఏం లేదు.”

భాయ్ లేచి చెప్పులు వేసుకుంటూ అన్నాడు: “ఫోన్ల బిర్యానీ ఫోటో గూడ వస్తది బేటా. కడుపు నిండుతదా?”

బయటికొచ్చి నడిచాం. చౌరస్తా దగ్గర ఆయన ఆగి, “ఆ పిల్లగాడు చెప్పినదాంట్ల తప్పేమున్నది చెప్పు” అన్నాడు. ఎంత పెద్ద అబద్ధం వెతికినా ఆ ప్రశ్నకు సరిపోయేది దొరకలేదు.

రెండో సంబంధం బావ తెచ్చాడు. వర్క్‌షాపులో ఆయన కిందే పనిచేసే అమ్మాయి. తండ్రి పోయాక ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. కాలనీలోనే క్వార్టరు, తల్లీ కూతుళ్లిద్దరే. “పిల్ల మంచిది. టెస్టర్ పట్టుకుంటె చెయ్యి వణకది” అన్నాడు బావ. “కాని ఊరికే చెప్తె ఒప్పుకోదు. చూస్త అన్నది. రేపు డ్యూటీ దిగినంక అమ్మను తోలుకొని వస్తదట.”

మర్నాడు ఏర్పాట్లు మామూలుగా లేవు. భాయ్ పెట్టె మీటలన్నీ బ్రష్షుతో రుద్దాడు. నేను ఉయ్యాలకు కొత్త చీర అడిగితే బావ భార్య నా మొహం చూసి పాతదే ఉతికి ఇచ్చింది. బావ రిటైరయ్యేలోపు మిగిలిన లీవులన్నీ వాడుకుంటూ నాలుగు రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. ముసురు పట్టి ఉంది, తెల్లవారుజాము నుంచీ వాన. మధ్యాహ్నానికి కాస్త తెరిపిచ్చింది.

అమ్మాయి పని బట్టల్లోనే వచ్చింది, చేతిలో హెల్మెట్టు. వెనక వాళ్ల అమ్మ, గొడుగు దులుపుకుంటూ. ఆమె లోపలికి రాగానే ముందు ఉయ్యాల వైపు నడిచింది.

“అయ్యో, పాప పండుకున్నదా? ఎవ్వల బిడ్డ?” అని చీర మెల్లగా తీసి చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. “దీంట్ల టేపు రికార్డర్ ఉన్నదేందన్నా?”

“దానికి అదురు తగలొద్దక్కా” అన్నాడు భాయ్.

ఆమె కూతురి వంక చూసింది. కూతురు హెల్మెట్టు ఒళ్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. అందరం కూర్చున్నాం. చాయ్ వచ్చింది. తాగాం. టీవీ వెలుగుతోంది, పెట్టె వెలుగుతోంది, భాయ్ వేలు బటన్ మీద ఉంది. ఎవరూ ఏమీ చేయడం లేదు.

మేము బ్లాస్టింగ్ కోసం కూర్చున్నాం. మాకది ఎంత అలవాటంటే, అవతలివాళ్లకు చెప్పాలన్న సంగతే తోచలేదు. వాళ్లు మా కోసం ఆగారు, మేము సైరను కోసం ఆగాం.

ఖాళీ దొరికితే నా నోరు ఊరుకోదు. “బిడ్డా, నీకు ఎర్కలేదు గాని, అప్పట్ల మన బాయిల కేజీ ఎక్కిచ్చుడు దించుడు మొత్తం గీ పెట్టెతోనే నడిచింది” అన్నాను. కేజీ అంటే మనుషుల్ని బాయిలోకి దింపే లిఫ్టు.

బావ దగ్గాడు.

“ఢిల్లీ నుంచి సైంటిస్టులు వచ్చి చూసిపోయిన్రు.”

భాయ్ తల దించుకున్నాడు.

“ఇది నేర్చుకున్నోళ్లకు సంఘం తరఫున సర్టిఫికెట్ ఇస్తం. ప్రమోషన్ల దానికి వెయిటేజి ఉంటది.”

“అవునా కాకా? సంతకం ఎవరిది?” అంది అమ్మాయి.

“సంతకం... ప్రెసిడెంటుది.”

“ప్రెసిడెంట్ ఎవరు?”

“నేనే.”

వాళ్ల అమ్మ కిటికీలోంచి ఆకాశం చూసి, గొంతు తగ్గించి అడిగింది: “ఇప్పుడు వర్జ్యం గిట్ల ఉన్నదా అన్నా? అందుకేనా ఆగింది?”

“లేదమ్మా, జరసేపు” అన్నాను.

మళ్లీ చాయ్ వచ్చింది. నేను ఉపగ్రహాల దాకా వెళ్లాను. ఉపగ్రహం మా పెట్టె కంటే తెలివైనదేమీ కాదని, ఇంకొంచెం ప్రోత్సాహం ఉంటే మేమూ ఒకటి ఎగరేసేవాళ్లమని చెప్పాను. అప్పటికి అమ్మాయి గడియారం రెండుసార్లు చూసుకుంది. ఉదయం నుంచీ డ్యూటీ చేసి వచ్చిన మనిషి, కళ్లు మూతలు పడుతున్నాయి.

“కాకా, ఇంక ఎవరన్న రావాల్నా? ఎవరి కోసం కూసున్నం?”

“ఎవరూ లేరు బిడ్డా. బ్లాస్టింగ్ అయితె లోడింగ్ పెడ్తం. అదురుకు టేపు ఆగమైతది” అన్నాడు బావ.

ఆమె మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

“బ్లాస్టింగా? ఇయ్యాల బ్లాస్టింగ్ ఏడున్నది సార్? పొద్దుగాల్నుంచి క్వారీల నీళ్లు నిండి పనే బంద్ ఉన్నది. డంపర్లన్నీ వర్క్‌షాప్ ముంగట్నే నిలవడ్డయ్. ఇయ్యాలే కాదు, రేపు గూడ కాదు.”

సర్వీసంతా బొగ్గులో గడిపిన ఇద్దరం, తెల్లవారుజాము నుంచీ వాన కురుస్తుంటే, గోతిలోకి నీళ్లు వస్తాయన్న మాటే తలుచుకోకుండా సైరను కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. వాళ్ల అమ్మ ముందు నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆగి, మా మొహాలు చూసి మళ్లీ నవ్వింది. “నేను వర్జ్యం అనుకుంటి!” అని కూతురి భుజం పట్టుకుంది.

నవ్వు తగ్గాక అమ్మాయి నా వైపు తిరిగింది. “కాకా, నిజం చెప్పు. ఇది ఏం జేస్తది?”

ఎదురుగా భాయ్ కూర్చుని ఉన్నాడు. బటన్ మీద వేలు తీసేశాడు, సోల్డరింగ్ తీగ మళ్లీ వేలికి చుట్టుకుంటున్నాడు. ఇంకొక్క అబద్ధం చెబితే ఆ అమ్మాయి లేచిపోతుందని అర్థమైంది. నిజం చెబితే అంతకంటే ముందే లేచిపోతుందని అనిపించింది. ఏదైనా పోయేదే అయినప్పుడు నిజానికి ఖర్చు తక్కువ.

“ఏం జెయ్యది బిడ్డా” అన్నాను. “కేజీ నడపలే. సైంటిస్టులు రాలే. నేను ఇంజనీర్ను గాదు, ల్యాంప్ రూముల జేసిన. ఒక ఆట ఉన్నది, అదీ నీ ఫోన్ల వస్తది. సర్టిఫికెట్ ఇస్తె జిరాక్స్ దుకాణం గూడ తీసుకోదు. దీంతోని ఒక్కటే పని: నెలకోసారి చెడిపోతది. చెడిపోతె మా భాయ్ విప్పుతడు.”

“విప్పితె?”

“బాగైతది” అన్నాడు భాయ్, నేల వంక చూస్తూ. “ఒక్కొక్క పారి కాదు. అప్పుడు మళ్ల విప్పుత.”

అమ్మాయి లేవలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది. “లోపల ఎట్లుంటది? చిప్పులు ఊడొస్తయా, అతికిచ్చినయా?”

“సాకెట్ల ఉన్నయి కొన్ని. పీకొచ్చు.”

“మా వర్క్‌షాప్‌ల ఏదన్న కార్డు పోతె విప్పుడు లేదు భాయ్. పీకి డబ్బల పెట్టి కంపెనీకి తోల్తం, కొత్తది తెచ్చి పెడ్తం. లోపల ఏం పోయిందో ఎన్నడూ చూసింది లేదు. సీల్ తీస్తె వారంటీ పోతదంటరు.” ఆమె పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసింది. “దీనికి వారంటీ ఉన్నదా?”

“వారంటీ ఇచ్చినోడే లేడు” అన్నాడు భాయ్. నవ్వాడు కూడా. ఆ రోజుకు మొదటిసారి.

ఇక ఆగడానికి ఏముంది, లోడింగ్ పెట్టాం. చిటపట మొదలైంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం. అంతలో చూద్దును కదా, ఉయ్యాల పక్కన కూర్చున్న వాళ్ల అమ్మ చెయ్యి దానంతట అదే చీర మీదికి వెళ్లి ఊపుతోంది. టేపు రికార్డరు అటూ ఇటూ పోతోంది. భాయ్ కళ్లు తేలేశాడు. బావ నోరు తెరిచాడు. నేను వద్దని సైగ చేశాను. సంబంధం వాళ్లను ఎలా అడ్డుకుంటాం? చప్పుడు ఆగింది. తెర మీద బుడ్డోడు నిలబడ్డాడు, ఒక్క తప్పు లేకుండా.

“ఏడుస్తుంటె ఊపిన” అందామె, మేము ఎందుకు చూస్తున్నామో తెలియక. ఆ తర్వాత ఆటలో ఆమె బుడ్డోణ్ని నేరుగా రాళ్ల కిందికి తోలి, చనిపోయిన ప్రతిసారీ “అయ్యో నా కొడకా” అంటూ మళ్లీ తోలింది. బావ ఒకసారి సపోర్టు సంగతి చెప్పబోయి మానుకున్నాడు.

అమ్మాయి ఒప్పుకుంది. షరతులు రెండు. మొదటి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నప్పుడు చిటపట వినిపించొద్దు. పెట్టె తెచ్చిన రోజే మొత్తం విప్పి చూపించాలి. భాయ్ రెండో షరతుకు తల ఎన్నిసార్లు ఊపాడో చెప్పలేను, చెబితే పెంచానంటారు.

బావ క్వార్టరు అప్పజెప్పిన రోజు సివిల్ డిపార్ట్‌మెంటు నుంచి ఒకాయన గోడలు, నల్లాలు, స్విచ్చులు చూసుకుంటూ వచ్చి, కప్పు కొక్కెం దగ్గర అరిగిన గుర్తు చూసి, “మనుమడా, మనుమరాలా సార్?” అని అడిగాడు. బావ ఒక క్షణం ఆలోచించి, “మనుమరాలే” అన్నాడు. నా సావాసం ఆయనకూ పట్టింది.

పెట్టెను నేను తల మీద పెట్టుకుని కాలనీ అంతా ఊరేగించానని చౌరస్తాలో చెప్తున్నాను. ఆటోలో తీసుకెళ్లాం. నా ఒళ్లో ఉన్నది టీవీ రిమోటు ఒక్కటే.

ఆ సాయంత్రమే భాయ్, అమ్మాయి నేల మీద తెల్ల దుప్పటి పరిచి పెట్టెను విప్పారు. ఒక్కొక్క చిప్పు పీకడం, కాళ్లు తుడవడం, వరసగా పెట్టడం. ఆయన చెప్తున్నాడు, ఆమె అడుగుతోంది, ఆయనకు తెలియనివి కూడా అడుగుతోంది. “అయ్యో, ఇది ఎందుకున్నదో నేనెన్నడూ ఆలోచించలే” అని ఒకచోట నిజంగానే ఆగిపోయాడు. ఆ చిప్పు గురించి వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే నేనూ బావా గుమ్మంలో కూర్చుని వక్క నమిలాం. బావ అప్పటికే సామాను చేర్చిన ఊళ్లో ఇల్లు సర్దుకోవడం ఆపి మరీ బస్సెక్కి వచ్చాడు.

సంఘం కొత్త భవనంలో దేదీప్యమానంగా నడుస్తోందని అడిగినవాళ్లందరికీ చెప్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, పెట్టె ఇంతవరకు నడవలేదు. విప్పింది విప్పినట్టే దుప్పటి మీద ఉంది. రోజూ అమ్మాయి నిద్రలేచాక భాయ్ వస్తాడు, ఇద్దరూ ఒక ముక్క అతికిస్తారు, రెండు ముక్కలు పీకుతారు. దుకాణంలో ఆయన స్టూలు ఖాళీగా ఉంటోందని కొడుకు నాతో ఫిర్యాదు చేశాడు.

నిన్న అమ్మాయి వాళ్ల అమ్మ చీపురు పట్టుకుని దుప్పటి చుట్టూ తిరిగి తిరిగి అడిగింది: “ఇంకెన్నడు బిగిస్తరు భాయ్? నా బుడ్డోడు రాళ్ల కిందనే ఉండె.”

“అయితది అక్కా. ఫికర్ జెయ్యకు” అన్నాడు భాయ్, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి. “జల్ది ఏమున్నది?”

ఆమె ఇంకేదో అనబోయింది. భాయ్ అప్పటికే తల వంచేశాడు. అమ్మాయి టార్చి పట్టుకుంది. చీపురు మళ్లీ దుప్పటి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.